ఎముక అతుక్కోవడంలో నాడికీ కండకీ ఏం పని?

ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టి చూసేవాళ్లు విశాఖపట్నంలో ఏ ఎముకల ఆసుపత్రి వరండాలోనైనా కనిపిస్తారు. గాజువాక, కూర్మన్నపాలెం వైపు హైవే మీద బైక్ జారినవాళ్లు, పోర్టు పనుల్లో ఎత్తు నుంచి పడినవాళ్లు, బాత్రూంలో కాలు జారిన పెద్దవాళ్లు, పాడేరు కొండల నుంచి కొంతదూరం డోలీలో, మిగతా దూరం అంబులెన్సులో కింగ్ జార్జ్ ఆసుపత్రి, అంటే కేజీహెచ్‌కి వచ్చినవాళ్లు. నెలలు గడిచేకొద్దీ అందరి నోటా వచ్చే ప్రశ్న దాదాపు ఒకటే. "ఎముక అదే, రాడ్డు అదే. పక్క బెడ్డు కుర్రాడికి నాలుగు నెలల్లో అతుక్కుంది. మావోడికి ఏటయింది డాక్టరుగారూ?"

ఇంట్లో ఈ ప్రశ్నకు జవాబు తిండిలో వెతుకుతారు. మేక కాళ్ల సూపు, నల్లేరు పచ్చడి, రాగి జావ, కాల్షియం బిళ్లలు. తిండి అవసరమే. ప్రొటీను, కాల్షియం, విటమిన్ డి తక్కువైతే అతుకు బలంగా రాదు. అయితే ఒకే రకం తిండి తిన్న ఇద్దరిలో ఒకరికి ముందు, ఇంకొకరికి ఆలస్యంగా అతుక్కోవడానికి కారణం చాలాసార్లు ఎక్స్‌రేకి అందని చోట ఉంటుంది. ఎక్స్‌రే చూపించేది ప్రధానంగా కాల్షియాన్ని. ఎముక చుట్టూ ఉన్న కండ ఎంత నలిగిందో, ఎముక మీది పొరలోకి వచ్చే సన్నటి నాడులు ఏమయ్యాయో అందులో కనపడదు.

సంక్షిప్తంగా: విరిగిన చోటికి ముందుగా చేరేవాటిలో నాడుల మొలకలు ఉంటాయి. కొత్త రక్తనాళాలు పెరగడానికి అవి ఊతమిస్తాయి. చుట్టూ ఉన్న కండ రక్తాన్నీ కణాలనూ అందిస్తుంది, ఎముక మీద పడే బలాన్ని నిర్ణయిస్తుంది. ఈ రెండింట్లో ఏది దెబ్బతిన్నా అతుకు ఆలస్యమవుతుంది, లేదా పెద్దగా కనిపించినా బలహీనంగా వస్తుంది. అందుకే ఆపరేషన్ ఎంత ముఖ్యమో కండను కాపాడటం, సరైన సమయంలో కదిలించడం అంతే ముఖ్యం.

"నరం" అన్న మాటతో ఒక చిక్కు

తెలుగులో "నరం" అనే ఒక్క మాట మూడు వేర్వేరు వాటికి వాడతాం. సెలైన్ పెట్టేటప్పుడు "నరం దొరకట్లేదు" అంటే అది రక్తనాళం. "నరం పట్టేసింది" అంటే ఎక్కువసార్లు కండ, లేదా కండను ఎముకకు కట్టే తాడు. "నరాల జబ్బు" అన్నప్పుడే అసలు నాడి. ఎముక విరిగిన మనిషి ఇంట్లోవాళ్లకి ఈ తేడా చాలా పెద్దది. ప్రధాన రక్తనాళం తెగితే గంటల్లో తేల్చాలి, లేకపోతే కాలో చెయ్యో పోతుంది. నాడి నలిగితే చాలా సందర్భాల్లో వారాలు, నెలలు వేచి చూడొచ్చు.

దండచేతి ఎముకే దీనికి మంచి ఉదాహరణ. ర్యాడియల్ నాడి ఆ ఎముకను వెనకనుంచి చుట్టుకుని కిందికి దిగుతుంది. ఎముక మధ్యలో విరిగినవాళ్లలో సుమారు పదిమందిలో ఒకరికి ఈ నాడి దెబ్బతిని మణికట్టు పైకి లేవదు, చెయ్యి వాలిపోతుంది. చూడటానికి భయం వేస్తుంది కానీ, వీళ్లలో ఎక్కువమందికి కొన్ని నెలల్లో చెయ్యి తిరిగి లేస్తుంది. డాక్టరు "నరం దెబ్బతింది" అంటే ఏ నరమో అడగడం తప్పేమీ కాదు.

ఈ వ్యాసంలో నాడి అంటే మెదడు, వెన్నుపాముల నుంచి శరీరానికీ, శరీరం నుంచి అక్కడికీ కబుర్లు మోసే తీగ మాత్రమే.

విరిగిన చోట నాడులు చేసే పని

ఎముక గట్టిగా, రాయిలా ఉంటుంది కాబట్టి అందులో నాడులు ఉండవనే అభిప్రాయం చాలామందిలో ఉంది. నిజానికి ఎముకను అంటిపెట్టుకుని పెరియాస్టియం అనే పలచటి పొర ఉంటుంది. ఎముకకు వచ్చే నాడులు ఎక్కువ ఒత్తుగా ఉండేది అక్కడే. కాలి ముందు ఎముకకు టేబుల్ అంచు తగిలితే ప్రాణం పోయినంత నొప్పి వచ్చేది ఈ పొర వల్లే.

ఎముక విరగగానే అక్కడ రక్తం గడ్డకడుతుంది, వాపు వస్తుంది. తర్వాత మెత్తటి మృదులాస్థితో ఒక వంతెన ఏర్పడుతుంది. దాన్నే కాలస్ అంటారు. నెమ్మదిగా అది గట్టి ఎముకగా మారుతుంది. ఆపైన నెలల తరబడి, కొన్నిసార్లు ఏళ్ల తరబడి, శరీరం దాన్ని చెక్కి పాత ఆకారానికి తెస్తుంది. ఈ కథలో నాడులు మొదటి రోజుల్లోనే ప్రవేశిస్తాయి. దెబ్బతిన్న చోట కణాలు నాడులను పెంచే ఒక ప్రొటీనును విడుదల చేస్తాయి. దాని పేరు నెర్వ్ గ్రోత్ ఫ్యాక్టర్. దీన్ని కనుగొన్నందుకే రీటా లెవీ-మోంటాల్చీనికి, స్టాన్లీ కోహెన్‌తో కలిపి, 1986లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ పిలుపు అందుకుని పెరియాస్టియంలోని నొప్పి నాడులు కొత్త మొలకలు వేసి విరిగిన చోటికి పాకుతాయి. వాటి కొసల నుంచి సీజీఆర్‌పీ వంటి చిన్న ప్రొటీన్లు బయటికి వస్తాయి. అవి రక్తనాళాలను వెడల్పు చేస్తాయి, ఎముక కట్టే కణాలను పనిలోకి దించుతాయి.

ఎలుకల మీద 2019లో వెలువడిన ఒక అధ్యయనం ఈ వరుసను స్పష్టంగా చూపింది. ఆ ప్రొటీను కబురును నాడులు అందుకోకుండా అడ్డుకుంటే నాడుల మొలకలు తగ్గాయి. వాటితోపాటు రక్తనాళాలు తగ్గాయి. మృదులాస్థి ఎముకగా మారడం కూడా ఆలస్యమైంది. నొప్పిని మోసే తీగే మరమ్మతు కబురునూ మోస్తోందన్నమాట.

ఈ విషయం మందుల కంపెనీలకు కూడా పెద్ద పాఠమైంది. నెర్వ్ గ్రోత్ ఫ్యాక్టర్‌ను అడ్డుకునే టానెజుమాబ్ అనే ఇంజక్షన్ కీళ్ల నొప్పిని బాగానే తగ్గించింది. కానీ వాడినవాళ్లలో కొందరికి కీళ్లు వేగంగా అరిగిపోయాయి. 2021లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ నిపుణుల సంఘం 19–1 ఓట్లతో దానికి వ్యతిరేకంగా తేల్చింది, ఆ మందు ఆగిపోయింది. అది కీళ్ల కథే, విరిగిన ఎముకల కథ కాదు. అయినా నొప్పి నాడి నోరు పూర్తిగా నొక్కేస్తే ఎముకకూ కీలుకూ ఏమవుతుందన్న జాగ్రత్త అప్పటి నుంచి పెరిగింది.

దీన్నిబట్టి నొప్పి మాత్రలు మానేయాలని అనుకోకూడదు. ఆపరేషన్‌కి ఇచ్చే మత్తు ఇంజక్షన్ కొన్ని గంటలే పనిచేస్తుంది. డైక్లోఫెనాక్ జాతి మాత్రలు అతుకును ఆలస్యం చేస్తాయని జంతువుల్లో తేలింది కానీ, మనుషుల్లో ఫలితాలు కలగాపులగంగా ఉన్నాయి. నొప్పి భరించలేక మనిషి కాలు కదపకపోతే వచ్చే నష్టం కూడా తక్కువది కాదు. మెడికల్ షాపులో సొంతంగా కొని నెలల తరబడి వేసుకోవడం మాత్రం మంచిది కాదు.

ఎముకలోకి ఇంకో రకం నాడులు కూడా వస్తాయి. భయం వేసినప్పుడు గుండె దడదడలాడించే సింపథెటిక్ నాడులు అవి. ఎముక కట్టే కణాల మీద వాటి కబురు అందుకునే గ్రాహకాలు ఉన్నాయనీ, ఆ కబురు ఎక్కువైతే ఎముక కట్టడం తగ్గుతుందనీ 2002లో ఎలుకల్లో తేలింది. నికోటిన్ ఈ వ్యవస్థనే రెచ్చగొట్టి సన్నటి రక్తనాళాలను బిగిస్తుంది. బీడీ, సిగరెట్, చుట్ట, ఉత్తరాంధ్ర పల్లెల్లో కొందరు ఆడవాళ్లకు అలవాటైన, చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డపొగ, ఏదైనా అంతే. ఎముక విరిగిన మనిషి ఆ రోజే మానేయదగ్గ అలవాటు ఏదంటే మొదట చెప్పాల్సింది పొగే.

తలకు దెబ్బ తగిలితే, నడుం కింద పట్టు పోతే

నాడీ వ్యవస్థకీ ఎముకకీ ఉన్న సంబంధం ఎంత వింతగా ఉంటుందో రోడ్డు ప్రమాదాల్లో తెలుస్తుంది. హెల్మెట్ లేకుండా పడి తలకూ తొడకూ కలిపి దెబ్బలు తగిలిన మనిషికి, తొడ ఒక్కటే విరిగినవాళ్లకంటే కాలస్ పెద్దగా, త్వరగా రావడం డాక్టర్లు ఎన్నో ఏళ్లుగా గమనిస్తున్నారు. వినడానికి బాగుంటుంది. కానీ అదే ఊపులో తుంటి, మోచేయి చుట్టూ కండల మధ్య కూడా ఎముక పెరిగి కీలు బిగుసుకుపోవచ్చు. వెన్నుపాము దెబ్బతిన్న సైనికుల్లో ఇలా కండల మధ్య ఎముక పెరగడాన్ని మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, 1918లో, ఆగస్టా డెజెరిన్-క్లుంప్కే, సీలియర్ వివరించారు.

నడుం కింద చచ్చుబడినవాళ్ల పరిస్థితి ఇంకో రకం. కాళ్ల ఎముకలు క్రమంగా పలచబడతాయి. మంచం మీంచి కుర్చీలోకి మార్చేటప్పుడు కాలు మెలిపడినా చాలు, తొడ ఎముక విరగొచ్చు. నాడి తెగిన కాలిలో వచ్చే కాలస్ గురించి జంతువుల మీద జరిగిన పరీక్షలు ఒక ఆశ్చర్యకరమైన సంగతి చెప్పాయి. ఎక్స్‌రేలో అది పెద్దగానే కనిపిస్తుంది, బలం మాత్రం తక్కువ. దూదిపింజలా పెరిగిన కాలస్ చూసి "బాగా అతుకుతోంది" అనుకోవడానికి లేదు.

అందరికంటే ఎక్కువమందికి సంబంధించిన విషయం షుగరు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఆధ్వర్యంలో జరిగిన జాతీయ అధ్యయనం 2023లో దేశంలో 10.1 కోట్లమందికి మధుమేహం ఉన్నట్టు అంచనా వేసింది. షుగరు ఏళ్ల తరబడి అదుపు తప్పితే పాదాల నాడులు మొద్దుబారతాయి. పాదంలో ఎముక విరిగినా నొప్పి తెలియదు. మనిషి దాని మీదే నడుస్తాడు. పాదం వాచి, ఎర్రబడి, వేడిగా ఉంటుంది. నొప్పి లేదు కాబట్టి బెణుకు అనుకుని కొబ్బరినూనె రాసి ఊరుకుంటారు. నెలలు గడిచేసరికి అరికాలి వంపు కూలిపోతుంది. నాడి చెడితే కీళ్లు ఇలా కూలిపోతాయని జీన్-మార్టిన్ షార్కో 1868లోనే గుర్తించారు, అందుకే దీన్ని షార్కో పాదం అంటారు. ఒక పాదం రెండోదానికంటే వేడిగా ఉందేమో అరచేత్తో తాకి చూసుకోవడం షుగరు ఉన్న ప్రతి ఇంట్లో చేయగలిగిన పరీక్ష.

పిక్క ముందువైపు వేలితో తడిమితే

కండ పాత్ర అర్థం కావడానికి మన కాలే చాలు. మోకాలి కింద ముందువైపు వేలు పెట్టి చీలమండ దాకా జార్చి చూడండి. చర్మం కిందే ఎముక తగులుతుంది, మధ్యలో కండ లేదు. అది టిబియా. ఇప్పుడు తొడను పట్టుకోండి. ఎంత నొక్కినా ఎముక అందదు. దాని చుట్టూ అన్నివైపులా మందమైన కండలే.

విరిగినప్పుడు ఈ తేడా తేటతెల్లమవుతుంది. మామూలుగా ఎముక లోపలి మూడింట రెండు వంతులకు రక్తం మజ్జ వైపు నుంచి, బయటి వంతుకు పెరియాస్టియం వైపు నుంచి వస్తుంది. ఎముక విరిగితే మజ్జలోని రక్తనాళాలు తెగుతాయి. అప్పుడు కొంతకాలం పాటు చుట్టూ ఉన్న కండే రక్తం అందించాలి. తొడకు ఆ ఆసరా దండిగా ఉంది. టిబియా ముందుభాగానికి లేదు. బైక్ ప్రమాదాల్లో పుండుపడి ఎముక బయటికి కనిపించే దెబ్బలు ఎక్కువగా తగిలేదీ, అతుకు ఎక్కువగా సతాయించేదీ ఇక్కడే కావడం యాదృచ్ఛికం కాదు.

ఒకే ఎముకలో కూడా ఈ తేడా చూడొచ్చు. పెద్దవాళ్లు జారిపడితే తొడ ఎముక పైభాగం విరుగుతుంది. అది రెండు చోట్ల విరగొచ్చు. కీలు సంచి లోపల, ఎముక పైకొసన ఉన్న గుండు కిందే మెడలా సన్నబడిన చోట విరిగితే అక్కడ కండ అతుక్కుని ఉండదు, రక్తం వచ్చే దారులు తెగిపోతాయి. అందుకే చాలామందికి ఆ గుండును తీసేసి కృత్రిమ గుండు పెడతారు. అంతకు రెండు అంగుళాల కింద, కండలు పట్టుకుని ఉన్న చోట విరిగితే సాధారణంగా అతుక్కుంటుంది, రాడ్డో స్క్రూలో చాలు. "మా అమ్మకి గుండు మార్చారు, మా పిన్నికి రాడ్డుతో సరిపెట్టారు, ఎందుకు?" అన్న అనుమానానికి సమాధానం ఇక్కడే ఉంది.

కండ రక్తం ఒక్కటే ఇవ్వదు. కండలో నిద్రాణంగా ఉన్న కొన్ని మూలకణాలు కాలస్‌లోకి వలసపోయి మృదులాస్థిగా, ఎముకగా మారతాయని ఈ మధ్య ఎలుకల్లో తేలింది. కండ నుంచి రక్తంలోకి వచ్చే రసాయనాలు కూడా ఉన్నాయి. 1997లో కనుగొన్న మయోస్టాటిన్ కండ పెరుగుదలకు పగ్గం వేస్తుంది. అది లేని ఎలుకల్లో కాలస్ పెద్దగా వచ్చింది. బోటాక్స్‌తో తొడ కండను పనిచేయకుండా చేస్తే ఎలుకల్లో అతుకు దెబ్బతింది.

అందుకే పుండుపడి విరిగిన ఎముకల తీవ్రతను లెక్కించడానికి సర్జన్లు 1976 నుంచి వాడుతున్న గస్టిలో–ఆండర్సన్ పద్ధతిలో చూసేది ఎముక ముక్కలను మాత్రమే కాదు, పుండు ఎంత పెద్దది, కండ ఎంత చచ్చింది, ఎముకను కప్పడానికి ఏమైనా మిగిలిందా అన్నవి కూడా. ఎముకను కప్పడానికి పిక్క కండను తిప్పి వేస్తారు, లేదా ఇంకో చోటి నుంచి తెచ్చి రక్తనాళాలు కలుపుతారు. స్లొవేనియా సర్జన్ మార్కో గోడినా 532 మంది రోగులతో 1986లో వెలువరించిన లెక్కల్లో, దెబ్బ తగిలిన 72 గంటల్లోపు ఇలా కప్పినవాళ్లలో 1.5 శాతానికి చీము పట్టింది. ఆ తర్వాత మూడు నెలల్లోపు కప్పినవాళ్లలో అది 17.5 శాతం. ఆ తర్వాత మందులూ పద్ధతులూ ఎంతో మారాయి కానీ, తొందరగా కప్పాలన్న సూత్రం నిలిచింది. రోడ్డు లేని ఏజెన్సీ ఊరి నుంచి డోలీలో దిగే మనిషికి మొదటిరోజు అక్కడే కరిగిపోతుంది. ఆ జాప్యం తర్వాత నెలల తరబడి అతకని ఎముకగా బయటపడుతుంది.

అదే కండ, ఎదురుపని

కండ ఎప్పుడూ మేలే చేయదు. తొడ విరగగానే కండలు బిగుసుకుని ముక్కలను ఒకదానిమీదికి ఒకటి లాగుతాయి, కాలు పొట్టిదవుతుంది. అందుకే ఆపరేషన్ దాకా కాలికి బరువులు వేలాడదీస్తారు. మోకాలి చిప్ప అడ్డంగా విరిగితే తొడ ముందు కండ పైముక్కను పైకి లాక్కుపోతుంది, మధ్యలో వేలు పట్టేంత సందు వస్తుంది. అక్కడ వైరు ఒక ప్రత్యేక పద్ధతిలో బిగించి, మోకాలు వంచినప్పుడు కండ లాగే బలమే ముక్కలను దగ్గరికి నొక్కేలా చేస్తారు.

ఎంత కదలిక మంచిది, ఎంత చెడ్డది అన్నదానికి స్విట్జర్లాండ్ పరిశోధకుడు స్టెఫాన్ పెరెన్ ఒక కొలత ఇచ్చారు. విరిగిన సందులో మొదట పెరిగే మెత్తటి కణజాలం తన పొడవుకు రెట్టింపు సాగినా తట్టుకుంటుంది. మృదులాస్థి సుమారు 10 శాతం, గట్టి ఎముక సుమారు 2 శాతమే తట్టుకుంటుంది. కదలిక మరీ ఎక్కువైతే మెత్తటి కణజాలం ఎముకగా మారే దశకే చేరదు. అసలు లేకపోతే కాలస్ పెరగాలన్న కబురే అందదు. గొర్రెల కాళ్ల మీద గుడ్‌షిప్, కెన్‌రైట్ 1985లో చేసిన ప్రయోగంలో, రోజుకు కొద్ది నిమిషాలు కొలిచి ఇచ్చిన చిన్న కదలిక అతుకును వేగిరపరిచింది.

అమెరికాలో అగస్తో సార్మియెంటో దండచేతి ఎముకకు ఆపరేషన్ లేకుండా వాడిన పట్టీ కూడా ఈ ఆలోచన మీదే నిలబడింది. పట్టీ బిగువులో కండలు పనిచేస్తూనే ముక్కలను చుట్టూ నుంచి ఒత్తిపట్టుకుంటాయి. 2000లో ఆయన బృందం ఇచ్చిన లెక్క ప్రకారం, పుండుపడని వాళ్లలో సుమారు 2 శాతానికే అతకలేదు.

పుత్తూరు కట్టు పేరుతో వెదురు బద్దలు కట్టే బోర్డులు తెలుగునాట చాలా ఊళ్లలో కనిపిస్తాయి. బద్దలతో ఎముకను నిలపడం అనే ఆలోచనలో తప్పు లేదు. ప్రమాదం బిగుతులో ఉంది. విరిగిన చెయ్యి తర్వాతి రోజుల్లో వాస్తుంది. కట్టు సాగదు. లోపల ఒత్తిడి పెరిగి కండకు రక్తం ఆగిపోతుంది. కొన్ని గంటలు అలాగే ఉంటే కండ చచ్చి, వేళ్లు ముడుచుకుపోయి, జీవితాంతం అలాగే మిగిలిపోతాయి. రిచర్డ్ ఫాన్ ఫోల్క్‌మన్ 1881లో వర్ణించిన ఈ పరిస్థితికి ఎక్కువగా బలయ్యేది మోచేయి పైన ఎముక విరిగిన పిల్లలు. ఆసుపత్రిలో వేసిన సిమెంట్ కట్టులోనూ ఇలా జరగొచ్చు. పరీక్ష సులువు. కట్టు బయట ఉన్న వేలిని పట్టుకుని మెల్లగా చాపాలి. బిడ్డ గిలగిలలాడితే, మందు ఇచ్చినా నొప్పి పెరుగుతూనే ఉంటే, తెల్లారేదాకా ఆగకూడదు. కట్టు ఆ రాత్రే విప్పించాలి.

రెస్ట్ అన్న మాటకు అర్థం

"మూడు నెలలు కదలకుండా రెస్ట్" అన్న మాట ఇంట్లో ఒక శాసనంలా మారుతుంది. నిలకడగా ఉండాల్సింది విరిగిన చోటు. మిగతా ఒళ్లు కాదు. ఆరోగ్యంగా ఉన్న వృద్ధులను 10 రోజులు మంచం మీద ఉంచిన ఒక అధ్యయనంలో (2007) కాళ్ల కండ సగటున దాదాపు ఒక కిలో తగ్గింది. ఏ ఎముకా విరగనివాళ్ల సంగతి ఇది. తుంటి విరిగిన పెద్దావిడను ఆపరేషన్ మర్నాడే వాకర్‌తో నిలబెడుతుంటే కొడుకులు కోడళ్లు కంగారుపడతారు, టెన్షన్ పడతారు. కానీ నిలబెట్టే ఆ నిమిషాల్లో కండ కరిగిపోవడం నెమ్మదిస్తుంది, రక్తం గడ్డకట్టే ముప్పు తగ్గుతుంది, అతుకు మీద సరైన బరువు పడుతుంది. ఎంత బరువు మోపొచ్చన్నది ఎముక ఎలా విరిగింది, ఏం వేశారు అన్నదాన్నిబట్టి సర్జనే చెప్పాలి. ఒకరికి చెప్పింది ఇంకొకరికి వర్తించదు.

నగరంలో ఉన్నవాళ్లకు ఫిజియోథెరపీ అందుబాటులో ఉంది. పెదబయలు, ముంచంగిపుట్టు లాంటి ఏజెన్సీ ఊళ్ల వైపు వెళ్లిపోయే మనిషికి డిశ్చార్జి రోజే ఆఖరి పాఠం. దానికి ఖరీదైన మిషన్ అక్కర్లేదు. తువ్వాలును గట్టిగా చుట్టి మోకాలి కింద పెడతారు. మోకాలు వంచకుండా, తువ్వాలును మంచానికేసి అదమమంటారు. తొడ మీద చెయ్యి వేస్తే కండ రాయిలా బిగుసుకోవడం తెలుస్తుంది. ఐదు లెక్కపెట్టి వదలమంటారు. పాదం పైకీ కిందికీ పదిసార్లు ఆడించమంటారు. సర్జను వద్దన్న కాలికి తప్ప ఇది మొదటి రోజు నుంచే మొదలవుతుంది. ఊరెళ్లాక దీన్ని గుర్తుచేయాల్సింది పక్కన ఉండే మనిషి కాబట్టి, వార్డులో ఆ పాఠం చెప్పేటప్పుడు మంచం మీది మనిషితోపాటు ఆ తోడు మనిషి చెయ్యి కూడా తొడ మీద వేయించి చూపించాలి.